నీలం బ్యాగు పుచ్చుకున్న పిల్ల

కాలేజీ హాస్టల్, అరకు
డిసెంబర్ మొదటి ఆదివారం

ప్రియమైన సౌందర్యక్కకి,

ఫోనులో మాట్లాడదామంటే వార్డెన్ మేడం పక్కనే నిలబడి చెవులు రిక్కించి వింటుంది. రెండు ముక్కలు కాగానే "ఇక చాల్లే" అంటుంది. అందుకే ఉత్తరం. నువ్వు కూడా ఉత్తరమే రాయి.

ఇక్కడ చలి ముదిరింది. చలితో పాటు అడ్మిషన్ల కోసం కాలేజీల వాళ్లు కూడా దిగుతున్నారు. ఇంటర్ సెకండియర్ పిల్లలు ఎక్కడున్నారో వాసన పట్టి మరీ వచ్చేస్తారు కదా. ఘాట్ రోడ్డెక్కి, కారు దిగి, ముందు మఫ్లర్ సర్దుకుంటారు. తర్వాత పొగమంచుతో సెల్ఫీ దిగుతారు. ఆ తర్వాత మేం గుర్తొస్తాం. మేం చెయ్యాల్సిన పని నీకు తెలియంది కాదు. పొద్దున్నే చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, ఒకరి నడుము వెనక ఒకరం చేతులు కలిపి ధింసా ఆడాలి. మన వైస్ ప్రిన్సిపాల్ వరహాలరావు సార్‌కి అతిథులంటే అంత మక్కువ. మా కాళ్లు పీక్కుపోయాక వచ్చిన పెద్దమనిషికి మైకిస్తాడు. ఆయన "మీరు అడవితల్లి ముద్దుబిడ్డలు" అని మొదలుపెట్టి, తెర మీద మేడలు చూపించి, "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అని ముగిస్తాడు. "డౌట్లేమైనా ఉన్నాయా?" అనేసరికి అన్నం గంట కొడతారు. నాటుకోడి ఆయనకి, సాంబారు మాకు.

మీ కాలేజీకి పిల్లల్ని చేర్పించే లక్ష్మీప్రసాద్ కూడా వచ్చి చూసిపోయాడు. ఆయనకి మేం అత్తరు సారని పేరు పెట్టాం. మనిషి కంటే వాసన ముందొస్తుంది. అసలు మీటింగు జనవరిలోనట. తల్లిదండ్రుల్ని కూడా పిలుస్తారట. అందరికీ నీలం బ్యాగులు ఇస్తారట.

ఆ బ్యాగు నేను మర్చిపోలేదక్కా. రెండేళ్ల కిందట నువ్వు దాన్ని భుజాన తగిలించుకుని ఇంటికొచ్చినప్పుడు నాన్న కాఫీ గింజలు ఎండబోస్తున్నాడు. "ఏటే, ఆల్లిచ్చింది పుచ్చుకున్నావా?" అన్నాడు. నువ్వు ఊఁ అన్నావు. "అయితే మాటిచ్చినట్టే" అన్నాడు. అంతే, అయిపోయింది. మన ఊళ్లో పిల్లనడగడానికి వచ్చినవాళ్లు జీలుగు కల్లు కుండ తెస్తారు, ఆ కుండ ఇంట్లోకి తీసుకుంటే పిల్లనిచ్చినట్టు. నాన్నకి కుండైనా బ్యాగైనా ఒకటే. ఒక పెన్ను, ఒక నోటుబుక్కు, ఒక రంగుల బ్రోచరు. వాటికి నిన్ను ఇచ్చేశాడు. గవర్నమెంటు నర్సింగ్ కాలేజీకని నువ్వు నింపి పెట్టుకున్న అప్లికేషన్ చూరులోనే ఉండిపోయింది. ఆ అత్తరు సారు "మా దగ్గరా నర్సింగే" అన్నాడు కాబట్టి నువ్వూ నోరెత్తలేదు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. నేను వ్యవసాయం డిగ్రీ చదువుతానంటే నాన్న వినడం లేదు. "అక్క అక్కడ బాగుందని రాత్తంది గదా, ఇద్దరూ ఒక్కసోటుంటే నాకు బెంగుండదు" అంటున్నాడు. జనవరి మీటింగుకి వచ్చి అక్కడే బ్యాగు పుచ్చుకుంటాడట. ఇదంతా నువ్వు ఇంటికి రాసే ఉత్తరాల చలవే. అందుకే ఒట్టు పెట్టి అడుగుతున్నాను. అక్కడ నిజంగా బాగుందా?

నోటిదురుసు చెల్లి,
సుక్రి

*

కాలేజీ హాస్టల్
డిసెంబర్ 15

మా ముద్దుల సుక్రికి,

నీ ఉత్తరం అందింది. నీకు నోరు మరీ ఎక్కువైంది. పెద్దవాళ్లకి పేర్లు పెట్టడం ఏం బుద్ధి? లక్ష్మీప్రసాద్ సార్ చాలా మంచివారు. ఎక్కడ కనిపించినా పలకరిస్తారు.

ఇక్కడ అంతా బాగుంది. పచ్చని ఆహ్లాదకరమైన వాతావరణంలో, అనుభవజ్ఞులైన అధ్యాపకుల పర్యవేక్షణలో, విశాలమైన తరగతి గదులు, అధునాతన ప్రయోగశాలలు ఉన్నాయి. కొత్త ల్యాబు ప్రారంభోత్సవం కాగానే మమ్మల్ని అందులో కూర్చోబెడతారు. భోజనం కూడా బాగుంటుంది. నాన్న ఎవరితోనైనా పంపిస్తే కొంచెం చోడిపిండి, ఎండుచేపలు పంపమను. మొన్న పెద్ద ఫంక్షన్ జరిగింది. మన ధింసాని అందరూ మెచ్చుకున్నారు. వచ్చే వారం ఇంకోటి ఉంది.

కాలేజీల వాళ్లు వచ్చినప్పుడు వెనక కూర్చుని కిసకిసలాడకు. ముందు వరసలో కూర్చో. నీ పేరు గట్టిగా చెప్పు. వాళ్లు చెప్పింది రాసుకో. నవ్వుతూ ఉండు. మనల్ని వెతుక్కుంటూ ఇంత దూరం వస్తున్నారంటే అది మన మంచికే కదా.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పనస చెట్టు కింద కుక్క పిల్లల్ని పెట్టిందా? నాన్నకి నేను బాగున్నానని చెప్పు. మరీ మరీ చెప్పు.

నీ క్షేమం కోరే అక్క,
సౌందర్య

*

కాలేజీ హాస్టల్, అరకు
జనవరి 4

అక్కా,

ప్రియమైన అని రాద్దామనుకున్నాను, మనసు రాలేదు. అత్తరు సారు వదిలిపోయిన మీ కాలేజీ బ్రోచరు పక్కన పెట్టుకుని నీ ఉత్తరం చదివాను. "పచ్చని ఆహ్లాదకరమైన" దగ్గర్నుంచి "ప్రయోగశాలలు" దాకా కామాతో సహా దించేశావు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా "ఆహ్లాదకరమైన" అన్నావా? ఆ ఉత్తరంలో నువ్వున్నది చోడిపిండి దగ్గర, కుక్క దగ్గర మాత్రమే. కుక్క నాలుగు పెట్టింది, ఒకటి చచ్చిపోయింది. మిగతావి బాగున్నాయి. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే ముందు వరసలో కూర్చున్నాను. ఒకడొచ్చి మాకు చాక్లెట్లు విసిరాడు. నిజంగా విసిరాడక్కా, గుళ్లో కోతులకి విసిరినట్టు! "క్యాచ్ క్యాచ్" అంటూ నవ్వాడు. ఇంకొకడు "మీ ఏరియాలో కరెంటుందా?" అని అడిగాడు. ట్యూబ్‌లైటు కింద నిలబడి, మైకులో! వరహాలరావు సార్ దానికీ పళ్లికిలించాడు. ఇంతింత చదువులు చదివి, టై కట్టుకుని తిరిగే వీళ్లని చూస్తే నాకు కోపం కూడా రావడం మానేసింది. చీదర పుడుతోంది.

ఒక్కావిడ మాత్రం వేరే. దివ్య మేడమని, వ్యవసాయ కాలేజీ నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చింది. బ్యాగుల్లేవు, తెర లేదు. మేం డ్యాన్సుకి నిలబడితే "ఎందుకమ్మా, రేపు పరీక్షలున్నాయి కదా, కూర్చోండి" అంది. వరహాలరావు సార్ మొహం మాడిపోయింది. హాస్టల్లో ఒక గదికి ఎంతమంది అంటే చెప్పింది. మెస్సు ఎలా ఉంటుందంటే "పప్పు నీళ్లగా ఉంటుంది, నిజం చెప్పాలిగా" అంది. ఒకటి తెలియకపోతే తెలియదు, కనుక్కుని రాస్తానంది. రాసింది కూడా. వెళ్లేటప్పుడు నాతో ఒక మాట అంది. "మేం చెప్పేది వినడానికి రాకండి, మమ్మల్ని అడగడానికి రండి. మీలాంటి పిల్ల ఎవరైనా అక్కడ చదివితే ఆమె ఇప్పుడేం చేస్తోందో అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయో అడగండి. కోర్సుకి పర్మిషన్ కాయితం చూపించమనండి. నన్నడిగినట్టే అందర్నీ అడగండి."

ఆ మాట విన్నాక నా మీద నాకే నవ్వొచ్చింది. ఇది మన ఊళ్లో లేని సంగతా? పిల్లనివ్వాలంటే ఆ ఊరికి ముందు వెళ్లిన కోడల్ని పిలిపించి, చెవిలో మాట్లాడాకే కదా అమ్మలక్కలు ఊఁ అంటారు. కుండ సంగతి నాన్నకి గుర్తుంది గానీ, కుండకి ముందు జరిగేది గుర్తులేదు. ఎందుకంటే అది ఆడవాళ్ల పని.

నిన్న అత్తరు సారు మళ్లీ వస్తే లేచి నిలబడ్డాను. "సార్, మా ఏజెన్సీ నుంచి మీ దగ్గరకొచ్చిన పిల్లని ఒకర్ని తీసుకురండి, ఆమెతో మాట్లాడాకే చేరతాం" అన్నాను. ఏమన్నాడో తెలుసా? "సూపర్ ఐడియా" అన్నాడు. ఫోనులో రాసుకున్నాడు.

మీటింగు జనవరి 20న. నాన్న వస్తున్నాడు.

జవాబు కోసం చూసే
సుక్రి

*

కాలేజీ హాస్టల్
జనవరి 11

సుక్రీ,

నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా? ఆ పిల్లని నేనే. నన్నే తెస్తున్నారు. ఏం మాట్లాడాలో కాయితం మీద రాసిచ్చి, రోజూ సాయంత్రం అప్పజెప్పించుకుంటున్నారు. ధింసా చీర కట్టుకుని రమ్మన్నారు. నువ్వు నా చెల్లివని వాళ్లకి తెలియదు, తెలియనివ్వకు.

పెద్ద తెలివైనదాన్నని మురిసిపోకు. లేచి నిలబడి అడిగేసి కూర్చోవడం నీకు తేలికే. జవాబు చెప్పేవాళ్లు ఆ తర్వాత మళ్లీ అదే కారెక్కి అక్కడికే వెళ్లాలి. నా టెన్తు, ఇంటర్ ఒరిజినల్స్ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. అవి లేకపోతే నేను ఎక్కడికి వెళ్లినా ఏమీ కాను.

నాన్న ఊరంతా చెప్పుకుంటున్నాడు, మా పెద్దమ్మాయి నర్సు చదువుతోందని. సంతలో ఆపి మరీ చెబుతాడు. ఆయన ముందు నన్నేమీ అడగకు. నీ కాళ్లు పట్టుకుంటాను. నువ్వు బ్యాగు తీసుకోకు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకో. నన్ను మాత్రం అడగకు.

సౌందర్య

*

కాలేజీ హాస్టల్, అరకు
జనవరి 22

నా బంగారు అక్కకి,

నన్ను తిట్టు. మళ్లీ కలిసినప్పుడు కొట్టు. అడగొద్దన్నా అడిగాను. నువ్వు మైకు పట్టుకుని ఆ కాయితం అప్పజెబుతుంటే నీ గొంతు నీది కాదు. నాన్న మూడో వరసలో కూర్చుని, పక్కనున్న పైడయ్య బాబాయిని మోచేత్తో పొడుస్తూ "నా కూతురే, నా కూతురే" అంటున్నాడు. అత్తరు సారు బ్యాగుల మూటలు విప్పిస్తున్నాడు. ఇంకో నిమిషం ఊరుకుంటే నాన్న చెయ్యి చాచేవాడు. నేనింక ఆగలేకపోయాను.

మన వైపు మాట్లాడే ఆదివాసీ ఒడియాలో అడగాలని ముందుగా అనుకోలేదు. నోట్లోంచి అలా వచ్చింది. "అక్కా, నాన్న ఇక్కడే ఉన్నాడు. కుండ తీసుకోమంటావా, వద్దంటావా?" అంతే కదా నేనడిగింది. నీకు జవాబు చెప్పే దారి ఎవరు చూపించారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ పొట్ట పగిలేలా నవ్వొస్తోంది. "ఓ, ట్రైబల్ లాంగ్వేజా? వెరీ నైస్! సౌందర్యా, నువ్వూ అదే భాషలో చెప్పమ్మా, వీడియో తీద్దాం" అని ఫోనెత్తింది ఆ అత్తరు మహానుభావుడే.

నువ్వు చెప్పావు. ఆ నవ్వు చెరగనివ్వకుండా చెప్పావు. నర్సింగ్ లేదన్నావు. పర్మిషన్ రాలేదని చెప్పి, కంప్యూటర్ల క్లాసులో కూర్చోబెట్టారన్నావు. కంప్యూటర్ల గదికి తాళమన్నావు. ఎవరొచ్చినా మన పిల్లల్ని ఆడించి ఫొటోలు తీస్తారన్నావు. "రెండేళ్లలో నేను నేర్చుకున్నది ధింసా ఒక్కటే, అది అమ్మ నాకు ముందే నేర్పింది" అన్నావు. "సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నాయి, అందుకే నవ్వుతున్నాను. కుండ తీసుకోవద్దు నాన్నా" అన్నావు. ఆ చివరి ముక్కకి నీ గొంతు వణికింది. అత్తరు సారుకి అది ఆనందంగా కనిపించింది కాబోలు, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వరహాలరావు సార్ కూడా కొట్టాడు. పదేళ్లబట్టి మా మధ్య అన్నం తింటున్నాడు, మా మాట ఒక్కటి రాదు ఆ మనిషికి.

నువ్వు తల దించుకుని ఉన్నావు, తర్వాత నిన్ను కార్లో కూర్చోబెట్టేశారు. అందుకే నువ్వు చూడనిది రాస్తున్నాను. బ్యాగులు పంచడం మొదలైంది. మొదటి పిల్ల చేతులు కట్టుకుంది. రెండోదీ అంతే. ఆ హాల్లో ఒక్క చెయ్యి లేవలేదక్కా! వరహాలరావు సార్ "ఏటే గుంటల్లారా, సిగ్గేటి? తీసుకోండి బేగి!" అని అరుస్తున్నాడు. ఎవరూ కదల్లేదు. అత్తరు సారు "షై ఫెలోస్, పాపం" అని నవ్వాడు. ఒక మూట ఇక్కడే వదిలేసి పోయాడు. స్టోరు రూములో పడి ఉంది, ఎలుకలకి పనికొస్తుంది.

ఇంకో ముచ్చట విను. ఆ వీడియోని ఆయనే మీ కాలేజీ పేజీలో పెట్టాడట, "మన్యం ఆణిముత్యం మాటల్లో మా సంస్థ" అని రాసి. మా హాస్టల్ వంటావిడ సింహాచలం తన ఫోనులో చూపించింది. ముంచింగిపుట్టు దాకా పోయింది. సంతల్లో గుంపులు కట్టి చూస్తున్నారట. కింద కామెంట్లలో మనవాళ్లు రాసేవి కూడా ఆయనకి అర్థం కావు, అన్నిటికీ దండాల బొమ్మ పెడుతున్నాడు. డబ్బు పోసి ఎవరితోనైనా చాటింపు వేయించుకున్నా ఇంత బాగా జరగదు.

నాకు నవ్వు రాని సంగతి ఒకటే, నాన్న. హాల్లోంచి బయటికొచ్చాడు. నేను పిలిచినా ఆగలేదు. తిన్నగా బజారుకెళ్లి ఒక పెన్ను, ఒక నోటుబుక్కు కొన్నాడట. పైడయ్య బాబాయి చెప్పాడు. మర్నాడు ఇంట్లోంచి ఏదో భుజాన వేసుకుని మొదటి బస్సుకి కిందకి పోయాడు. ఎక్కడికని అమ్మ అడిగితే "పనుంది" అన్నాడట. నాకు భయంగా ఉంది. నీ దగ్గరకి వస్తే నీ మీద చెయ్యి చేసుకుంటాడేమో. బేగి రాయి.

నీ సుక్రి

*

మన ఇల్లు, దొడ్డిపుట్టు
ఫిబ్రవరి 1

నా సుక్రి తల్లికి,

పైన ఊరి పేరు చూశావా? అవును, ఇంటి దగ్గర్నుంచే రాస్తున్నాను. కుక్కపిల్ల ఒళ్లో పడుకుని ఉంది, అందుకే అక్షరాలు వంకర.

నాన్న దిగొచ్చిన రోజు కాలేజీ వాళ్లు కింది ఊళ్ల తల్లిదండ్రుల్ని బస్సుల్లో తెచ్చి కాలేజీ చూపిస్తున్నారు. మమ్మల్ని గేటు దగ్గర పూలతో నిలబెట్టారు. ఆ జనంలో నాన్న కనిపించాడు. భుజాన ఆ పాత నీలం బ్యాగు, రెండేళ్లు మిరియాలు మోసి రంగు వెలిసిపోయింది. అమ్మ చేత ఉతికించుకుని తెచ్చాడు. నా వైపు చూశాడు. తిన్నగా ఆఫీసుకి పోయాడు. నేను వెనకే పరిగెత్తాను.

బ్యాగు టేబుల్ మీద పెట్టాడు. కౌంటర్లో అమ్మాయి చూసి "జిప్పు పోయిందా? వెనక్కివ్వక్కర్లేదు, కొత్తది ఇస్తాంలే" అంది. నాన్న జిప్పు లాగి ఒక్కొక్కటీ తీసి పెట్టాడు. కొత్త పెన్ను, కొత్త నోటుబుక్కు, ట్రంకుపెట్టెలో దాచిన ఆ బ్రోచరు. తాగిన కుండ నింపి తిరిగిస్తే ఇచ్చిన మాట తీరిపోతుంది కదా, అదన్నమాట బజారులో కొన్న సంగతి. "మీ కుండ నింపి తెచ్చినాను. నా పిల్లనీ, పిల్ల కాయితాలనీ ఇచ్చీండి" అన్నాడు.

వాళ్లు విరగబడి నవ్వారు. ఒకడు "తాగి వచ్చాడేమో" అన్నాడు. నాన్న వెళ్లి సోఫాలో కూర్చున్నాడు. ఆ సోఫా పైన గోడ నిండా నా ఫొటోయే ఉంది, ధింసా చీరతో. వచ్చిన తల్లిదండ్రులు "మీరూ చేర్పించడానికి వచ్చారా?" అని అడుగుతున్నారు. నాన్న ఆ ఫొటో చూపించి, "అది నా గుంటే. తీసుకుపోడానికొచ్చినాను" అని చెబుతున్నాడు. అడిగిన ప్రతివాళ్లకీ అదే మాట. గొంతు పెంచలేదు, తిట్టలేదు. విన్నవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, "ఎందుకు?" అని నా వైపు తిరిగారు. ఈసారి తెలుగులోనే చెప్పాను.

లక్ష్మీప్రసాద్ పరుగున వచ్చాడు. "పెద్దాయనా, మీరు ఇంటికెళ్లండి, పోస్టులో పంపిస్తాం" అన్నాడు. నాన్న కాళ్లు ముడుచుకుని ఇంకొంచెం బాగా కూర్చున్నాడు. అన్నం వేళయినా లేవలేదు. బస్సులో వచ్చినవాళ్లలో సగంమంది ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఆ తర్వాత బీరువా తాళం దొరికింది. రెండేళ్లుగా సార్ లేరు, మేడం లేరు, తాళం లేదు అన్నవాళ్లకి ఉన్నట్టుండి అన్నీ దొరికాయి. నా కాయితాలు నా చేతికొచ్చాయి సుక్రీ. మీద దుమ్ము కూడా నేనే తుడుచుకున్నాను.

గేటు దాటుతుంటే వాచ్‌మన్ ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు. చేతిలో తళతళలాడే కొత్త నీలం బ్యాగు. ఈ రోజు వచ్చిన పేరెంట్స్ అందరికీ ఇవ్వమన్నారట, ఒక్కరు కూడా మిగలకూడదట. నాన్న గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. నిప్పు చూసిన చిన్నపిల్లాడిలా రెండడుగులు వెనక్కి వేశాడు. అది చూసి నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చేశాను.

బస్సు ఘాటెక్కింది. నాన్న కిటికీ వైపు తిరిగి, "బ్యాగు సంగతడిగినాను గానీ నిన్నడగనేదే" అన్నాడు. నేను ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను.

చూరులోంచి ఆ పాత అప్లికేషన్ తీశాను. చెదలు పట్టింది, కొత్తది తెప్పించుకుంటాను. రెండేళ్లు పోయాయి, పోతే పోనీ. నీ వ్యవసాయ కాలేజీకి నాన్న అడ్డు చెప్పడు. ఒక్కటే అడగమన్నాడు. ఆ దివ్య మేడం కాలేజీలో మన వైపు పిల్ల ఎవరైనా చదువుతోందా అని. ఉంటే, అమ్మ వెళ్లి ఆమెతో మాట్లాడుతుందట. తను బయట కూర్చుంటాడట.

పరీక్షలు బాగా రాయి. ఇక నిన్ను తిట్టను.

నీ అక్క,
సౌందర్య